ఎన్‌బీఏలో కుర్ర సెంటర్లను చూసి, ఎవరు నిలుస్తారో ముందే చెప్పొచ్చా?

మీరడిగింది ఇదీ: ఎన్‌బీఏలో, అంటే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్‌లో, మీరు అభిమానించే టీమ్‌లో ఇద్దరు కుర్ర సెంటర్లున్నారు, అంటే రింగ్ దగ్గర ఆడే పొడుగువాళ్లు. ఒకడు ఏడడుగుల పైన, మ్యాచ్‌కి రెండు బ్లాకులు (ఎదుటివాడి షాట్‌ని గాల్లోనే కొట్టేయడం), వారానికొక డంక్ (ఎగిరి బంతిని రింగ్‌లోకి దించడం) వీడియో. రెండోవాడు కాస్త పొట్టి, ఆరు పాయింట్లు, ఆరు రీబౌండ్లు (తప్పిన షాట్ బంతిని అందుకోవడం), చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు. అయినా ఆఖరిదైన నాలుగో క్వార్టర్‌లో కోచ్ రెండోవాణ్నే దించుతున్నాడు. ఆయనకు పిచ్చా, లేక మనకు కనిపించనిది ఏమైనా ఉందా అని.

పేర్లు చెప్పలేదు కాబట్టి వాళ్ల గురించి తీర్పు చెప్పలేను. పందెం కాయమంటే మాత్రం కోచ్ వైపే కాస్తాను. ఎందుకో తెలియాలంటే ముందు నా సంగతి కొంచెం వినాలి.

మాది అనంతపురం. నా ఎత్తు ఆరడుగుల నాలుగంగుళాలు. అమెరికాలో ఇది గార్డు, అంటే బంతి నడిపించేవాడి ఎత్తు. మా ఊళ్లో మాత్రం ఆర్టీసీ బస్సెక్కితే అందరూ తిరిగి చూసే ఎత్తు. ఇంటర్లో చేరిన వారానికే పీడీ సార్ పిలిచి, "ఏమప్పా, ఆట రాకపోయినా ఫరవాలేదు, రింగ్ కింద చేతులెత్తి నిలబడు, చాలు" అన్నాడు. అట్లా పివట్‌నయ్యాను. మన దగ్గర పాత కోచ్‌లు సెంటర్‌ని పివట్ అనే అంటారు.

మొదటి మ్యాచ్‌లోనే రెండు షాట్లు బాది అవతల పారేశాను. ఒక బంతి కోర్టు దాటి వేపచెట్టు కింద పెట్టిన స్కూటర్ల మీద పడింది. ఈలలే ఈలలు. సగం ఆట కాకముందే ఐదు ఫౌళ్లయి బయటికొచ్చాను. మిగతా ఆటంతా మంచినీళ్ల బిందె పక్కన కూర్చుని చూశాను. ఓడిపోయాం.

చాలా రోజులకు గానీ తట్టలేదు, స్కూటర్ల మీద పడిన ఆ బంతి మళ్లీ వాళ్ల చేతికే వెళ్లిందని. బ్లాక్ చేశాక బంతి ఎవరికి పోయిందన్నది స్కోరు కాగితంలో ఉండదు. బోస్టన్ తరఫున 13 సీజన్లు ఆడి 11 టైటిళ్లు గెలిచిన సెంటర్ బిల్ రస్సెల్, బంతిని బయటికి బాదకుండా తనవాళ్లకు అందేలా తట్టేవాడు. విచిత్రమేమిటంటే, ఆయన మొత్తం ఎన్ని బ్లాకులు చేశాడో అధికారిక లెక్కే లేదు. ఆయన 1969లో ఆట మానేస్తే, ఎన్‌బీఏ బ్లాకులు లెక్కపెట్టడం మొదలైంది 1973-74 సీజన్ నుంచి.

కాబట్టి మీ మొదటివాడి రెండు బ్లాకుల పక్కనే ఫౌళ్లెన్నో చూడండి. మ్యాచ్‌కి ఎన్ని అని కాదు, 36 నిమిషాలకు ఎన్ని అని. 20 నిమిషాలే ఆడి 4 ఫౌళ్లు చేస్తే, 36 నిమిషాలకు 7 దాటినట్టు. ఎన్‌బీఏలో 48 నిమిషాల ఆటకు ఆరో ఫౌల్‌తో బయటికి పోవాలి. మనం ఆడే ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) పద్ధతిలో 40 నిమిషాలకు ఐదే. అట్లాంటివాణ్ని చివరి ఐదు నిమిషాల్లో దించడానికి ఏ కోచ్‌కైనా టెన్షనే. కుర్రవాళ్లు ఫౌళ్లు ఎక్కువ చేయడం మామూలే, దాన్ని నేను తప్పు పట్టను. ఎందుకు చేస్తున్నాడన్నది చూస్తాను. కాళ్లు ఆలస్యమైతే చేతులు ముందుకు పోతాయి. నావన్నీ అట్లాంటి ఫౌళ్లే. అవతలివాడు బంతిని ఊరికే పైకెత్తి చూపిస్తే చాలు, నేను గాల్లో ఉండేవాణ్ని. వాడు తీరిగ్గా నేను కిందికొచ్చేదాకా ఆగి నా భుజానికి తగిలి షాట్ వేసేవాడు.

సెంటర్ ఉద్యోగమంతా నిజానికి ఒక రెండు సెకన్లలో తేలిపోతుంది. అవతలి గార్డు బంతితో వస్తుంటాడు. వాళ్ల సెంటర్ వచ్చి మన గార్డుకు అడ్డంగా గోడలా నిలబడతాడు. అదే స్క్రీన్. మన గార్డు ఆ గోడకు తగిలి వెనకబడతాడు. ఇప్పుడు మన సెంటర్ ఒక్కడే, ఎదురుగా ఇద్దరు: బంతితో దూసుకొచ్చే గార్డు, రింగ్ వైపు పరిగెత్తే సెంటర్. ముందుకు పోతే తల మీదుగా వెనక్కి పాస్ పడుతుంది. వెనక్కి పోతే గార్డు హాయిగా షాట్ కొడతాడు. మన గార్డు మళ్లీ అందుకునేదాకా, ఆ రెండు సెకన్లు, ఇద్దరికీ ఏ దారీ తేలకుండా చేయాలి. అడుగు చిన్నదిగా, మోకాళ్లు వంగి, ఒక చెయ్యి బంతి వైపు, ఒక చెయ్యి పాస్ దారిలో. ఎగిరాడా, అయిపోయింది.

ఎన్‌బీఏలో ఇంకో చిక్కు కూడా ఉంది. ఎవరికీ కాపలా కాయకుండా పెయింట్‌లో, అంటే రింగ్ కింద రంగు వేసిన చోట, మూడు సెకన్లకు మించి నిలబడితే డిఫెన్సివ్ త్రీ సెకండ్స్ అంటారు. అవతలివాళ్లకు ఒక ఫ్రీ త్రో (ఎవరూ అడ్డుకోని షాట్), పైగా బంతి కూడా వాళ్లకే. 2001-02 నుంచి ఉన్న రూలు ఇది. మా పీడీ సార్ చెప్పిన ఉద్యోగం అక్కడ లేనే లేదు.

ఈ రెండు సెకన్లు చూడాలంటే బంతిని చూడకూడదు. మొదట్లో చాలా కష్టం. మనకు మ్యాచ్‌లు తెల్లవారి ఐదున్నర, ఏడున్నర అట్లా వస్తాయి కదా, పొద్దున మామూలుగానే చూస్తాను. సాయంత్రం నాలుగో క్వార్టర్ మళ్లీ పెట్టి సెంటర్ నడుమునే చూస్తాను. తల, చేతులు మోసం చేస్తాయి. నడుం ఎటు తిరిగితే మనిషి అటే పోగలడు. "ఒకే ఆట రెండుసార్లు చూస్తే స్కోరు మారుతుందా?" అని మా ఇంటావిడ అడుగుతుంది. స్కోరు మారదు, ఎవరి వల్ల గెలిచారన్నది మాత్రం చాలాసార్లు మారుతుంది.

ఇంత చెప్తున్నా గానీ, నా సొంత అంచనా ఒకసారి ఘోరంగా తప్పింది. పన్నెండేళ్లుగా సాయంత్రాలు ఒక సిమెంటు కోర్టులో పిల్లలకు ఆట నేర్పుతున్నాను. ఉద్యోగం వేరే ఉంది, ఇది ఇష్టం కొద్దీ. ఒక బ్యాచ్‌లో ఇద్దరు పొడుగాటి పిల్లలొచ్చారు. ఒకడు పదహారేళ్లకే ఆరడుగుల ఐదు, నిట్రాడు లాంటివాడు. ఎగిరితే మణికట్టు రింగ్ దాటేది. రెండోవాడు ధర్మవరం వైపు పల్లె నుంచి వచ్చేవాడు, ఆరడుగుల రెండు. ఎగరడం రాదు. చెనిక్కాయ మూటలు మోసిన భుజాలు మాత్రం ఉన్నాయి. నేను నా సమయమంతా మొదటివాడికే పెట్టాను. రెండోవాణ్ని ఎదుటి టీమ్‌లో వేసి, "వాడికి అడ్డం నిలబడు, చాలు" అన్నాను. చూడండి, ఎవరి మాట నా నోట్లోంచి వచ్చిందో!

వాడు అడ్డం నిలబడుతూనే అరిచేవాడు. "ఎడమ పక్క వస్తాండాడు! నేనుండా, నువ్వు పో!" సెంటర్ అందరికీ వెనక ఉంటాడు కాబట్టి కోర్టంతా కనిపించేది వాడొక్కడికే. వీపు వెనక ఏం జరుగుతోందో మిగతా నలుగురికీ వాడే చెప్పాలి. నాకేమో అదంతా గోలగా తోచేది. మూడు నెలల తర్వాత, బంతులు ఏరి తెచ్చే చిన్న పిల్లోడొకడు అన్నాడు, "సార్, ఆయన్న యా టీమ్‌లో ఉంటే ఆ టీమే గెలుస్తాంది." నేను విజిల్ మెడలో వేసుకుని గమనించనిది వాడు గట్టు మీద కూర్చుని గమనించాడు.

ఎన్‌బీఏలో ఆ పిల్లోడి లెక్కకే ప్లస్ మైనస్ అని పేరు. ఆటగాడు కోర్టులో ఉన్నంతసేపు టీమ్ ఎన్ని పాయింట్లు ముందుంది, ఎన్ని వెనకబడింది అన్న లెక్క. ఒక్క మ్యాచ్‌కి దాన్ని నమ్మొద్దు, పక్కన ఎవరున్నారన్నదాన్ని బట్టి ఊగిపోతుంది. నెలల తరబడి అదే మాట చెప్తుంటే మాత్రం వినాల్సిందే.

మొదటి పిల్లోడి సంగతి చెప్పాలంటే నాకే సిగ్గు. ఎదిగే వయసువాణ్ని రోజూ సాయంత్రం సిమెంటు మీద ఎగిరించాను. మోకాలిచిప్ప కింద నొప్పి సార్ అంటే కట్టు కట్టుకో అన్నాను. ఆరు నెలలకు మెట్లెక్కలేకపోయాడు. డాక్టర్ దగ్గరికి తీసుకుపోయింది వాళ్ల నాన్న, నేను కాదు. మళ్లీ బంతి పట్టలేదు. రెండోవాడు యూనివర్సిటీ జట్టు దాకా పోయాడు.

అందుకే పెద్ద ఒళ్లున్నవాళ్ల విషయంలో కాళ్లు, మోకాళ్లు ఎన్నాళ్లు మోస్తాయన్నది నేను ఎప్పుడూ మనసులో పెట్టుకుంటాను. 2007 డ్రాఫ్ట్‌లో, అంటే టీమ్‌లు వరసగా కొత్తవాళ్లను ఎంచుకునే చోట, తర్వాత పెద్ద స్టార్ అయిన కెవిన్ డ్యురాంట్ కన్నా ముందు, మొట్టమొదట ఎంపికైన గ్రెగ్ ఓడెన్ మోకాళ్ల వల్ల మొత్తం కెరీర్‌లో ఆడింది 105 మ్యాచ్‌లే. యావో మింగ్ పాదం గాయాలతో 2011లో మానేశాడు. ఇటు చూస్తే జోయెల్ ఎంబీడ్ 2014లో ఎంపికై, పాదం ఎముక విరిగి రెండు సీజన్లు పూర్తిగా కూర్చుని, 2023లో ఎంవీపీ (ఆ సీజన్ అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు. దీనికి సూత్రం లేదు. ఉందనేవాణ్ని నమ్మకండి.

ఎత్తు చూసి మోసపోవడం మా కోర్టులోనే కాదు, కోట్లు పెట్టేవాళ్ల దగ్గరా ఉంది. 2009 డ్రాఫ్ట్‌లో రెండో స్థానంలో తీసుకున్నది హషీమ్ థబీట్‌ని, ఏడడుగుల మూడంగుళాలు. అతని తర్వాత మూడో స్థానంలో జేమ్స్ హార్డెన్, ఏడో స్థానంలో స్టెఫెన్ కరీ, ఇద్దరూ తర్వాత పెద్ద స్టార్లయ్యారు. థబీట్ నిలవలేదు. అదే సెంటర్ రూడీ గోబేర్‌ని 2013లో 27వ స్థానంలో తీసుకున్నారు. మొదటి సీజన్‌లో 45 మ్యాచ్‌లు ఆడి, సగటున 2.3 పాయింట్లు. అప్పుడు మీరూ నేనూ చూసుంటే, వీడెందుకు అనుండేవాళ్లం. తర్వాత నాలుగుసార్లు ఉత్తమ డిఫెండర్ అయ్యాడు. ఇక నికోలా యోకిచ్ 2014లో 41వ స్థానం. అతన్ని ఎంపిక చేసిన క్షణంలో అమెరికా టీవీలో ప్రకటన నడుస్తోంది. ఎగరడం దాదాపు రాని మనిషి, మూడుసార్లు ఎంవీపీ, 2023లో డెన్వర్‌కు టైటిల్.

మన సత్నామ్ సింగ్‌ని 2015లో డాలస్ 52వ స్థానంలో తీసుకున్న రోజు మా కోర్టులో స్వీట్లు పంచాం. ఎన్‌బీఏకి ఎంపికైన మొదటి భారతీయుడు, ఏడడుగుల రెండంగుళాలు. కానీ ఒక్క ఎన్‌బీఏ మ్యాచ్ కూడా ఆడలేకపోయాడు. బలానికేం లోటు లేదు. అప్పటికే ఆట మారిపోయి, సెంటర్లు కూడా రింగ్‌కి దూరంగా ఉండే మూడు పాయింట్ల గీత దాకా వచ్చి గార్డుల వెంట కాళ్లు కదపాల్సిన రోజులొచ్చాయి. అదీ దెబ్బ అని నా అభిప్రాయం.

రీబౌండ్ల గురించి ఒక్కమాట. మీ రెండోవాడికి ఆరే అన్నారు. ఓక్లహామా టీమ్‌లో 2016-17 సీజన్‌లో రసెల్ వెస్ట్‌బ్రూక్ అనే గార్డు సగటున 10.7 రీబౌండ్లు పట్టాడు, సెంటర్ స్టీవెన్ ఆడమ్స్‌కి 7.7 వచ్చాయి. ఆడమ్స్ అవతలి పొడుగువాణ్ని నడుంతో అడ్డుకుని రింగ్ కిందకు రానీకుండా తోసేవాడు, బంతి వెస్ట్‌బ్రూక్ తీసుకునేవాడు. కాబట్టి అతను కోర్టులో ఉన్నప్పుడు టీమ్‌కి మొత్తం ఎన్ని వస్తున్నాయో చూడండి.

షాట్ వస్తుందా రాదా అనేదానికి నేను మూడు పాయింట్ల లెక్క చూడను, ఫ్రీ త్రోలు చూస్తాను. బ్రూక్ లోపెజ్ మొదటి ఎనిమిది సీజన్లలో కలిపి కొట్టిన త్రీలు (మూడు పాయింట్ల షాట్లు) మూడంటే మూడు. తొమ్మిదో సీజన్‌లో 134 కొట్టాడు. ఆశ్చర్యపోయారు గానీ, అతను మొదటి నుంచీ ఫ్రీ త్రోలు వందకు ఎనభై ప్రాంతంలో వేసేవాడు. చెయ్యి మెత్తగా ఉందని అక్కడే రాసుంది.

ఇంకోటి, బంతి ఇచ్చేవాడు లేకపోతే సెంటర్ బతుకు ఎండిన చెరువే. వీడియోల్లో ఆ డంకులకు పాస్ ఎవరిచ్చారు, అప్పటికి స్కోరెంత, ఎదుటి ఐదుగురూ అసలు జట్టువాళ్లా లేక బెంచీ చివరివాళ్లా? ముప్పై పాయింట్ల తేడాతో అయిపోయిన ఆటలో కొట్టినవి, జులైలో కొత్తవాళ్లు ఆడే సమ్మర్ లీగ్‌లో కొట్టినవి నేను లెక్కలోకే తీసుకోను.

ఓపిక పట్టాలని మనం అంటాం, టీమ్‌కి ఆ వీలుండదు. మొదటి రౌండులో వచ్చినవాడి కాంట్రాక్టు నాలుగేళ్లే అయినా, ఖాయమైనవి మొదటి రెండేళ్లే. మూడో ఏడు ఉంచుకోవాలా వద్దా అన్నది రెండో సీజన్ మొదలయ్యే రోజుల్లోనే తేల్చేయాలి. అంటే ఒక్క సీజన్ చూసి. గోబేర్‌ని ఆ ఒక్క సీజన్ చూసి వదిలేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. మీ పొడుగువాడికి 19 ఏళ్లయితే నేనింకా చెయ్యి వదలను. 23 అయి ఇప్పటికీ ప్రతి ఫేక్‌కీ (ఊరికే చూపించే షాట్‌కీ) ఎగురుతుంటే మాత్రం కష్టమే.

ఇద్దరి పేర్లూ కింద రాయండి. ఆదివారం పొద్దున టవర్ క్లాక్ దగ్గర ఉగ్గాని బజ్జీ కట్టించుకొచ్చి, ఒక్కొక్కరి నాలుగో క్వార్టర్ రెండేసి సార్లు చూసి చెప్తాను.