మీ ప్రశ్నలకు జవాబులు: పాత టాప్ టెన్ కార్యక్రమాలను మొత్తం చూడాలా, ఏరుకుని చూడాలా?

ప్రశ్న: మా అబ్బాయి మాంచెస్టర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. కిందటేడాది అక్కడికి వెళ్లినప్పుడు బీబీసీ ఫోర్ చానల్లో ఆ వారం బాగా అమ్ముడైన రికార్డుల పాటలను చూపించిన ‘టాప్ ఆఫ్ ది పాప్స్’ పాత ఎపిసోడ్లు చూడటం అలవాటైంది. బెంగళూరుకు తిరిగి వచ్చాక వెతికితే విడివిడి పాటలే ఎక్కువగా దొరుకుతున్నాయి. “మంచి పాటలన్నీ ఉన్నాయి కదా, పనికిరాని పాటలతో సహా మొత్తం కార్యక్రమం ఎందుకు చూడాలి?” అని మావారు అంటున్నారు. ఆయన మాట సబబేనా? ఆ గాయకుల్లో చాలామంది పాడకుండా పెదవులు మాత్రమే కదుపుతున్నట్లు కనిపించడానికి కారణమేమిటి?
– ఒక పాఠకురాలు, మల్లేశ్వరం, బెంగళూరు

జవాబు: మీవారి మాటతో నేను ఏకీభవించలేను. ఆ కార్యక్రమం విలువంతా మొత్తంగా చూడటంలోనే ఉన్నదని నా గట్టి నమ్మకం. 1964 జనవరి 1న, మాంచెస్టర్‌లోనే, డికెన్సన్ రోడ్డులో స్టూడియోగా మార్చిన ఒక పాత చర్చి భవనం నుంచి మొదలైన ‘టాప్ ఆఫ్ ది పాప్స్’, వారంవారం సాగి 2006 జులై 30న ముగిసింది. దాన్ని రూపొందించిన జానీ స్టూవర్ట్ మొదట్లోనే కొన్ని నియమాలు పెట్టారు. ఆ వారపు రికార్డు అమ్మకాల పట్టికలో కిందికి జారుతున్న పాటకు చోటు లేదు. మొదటి స్థానంలో ఉన్న పాట తప్ప మరే పాటా వరుసగా రెండు వారాలు రాకూడదు. కార్యక్రమం ఎప్పుడూ మొదటి స్థానపు పాటతోనే ముగియాలి. నిర్మాత అభిరుచికి, వ్యాఖ్యాత ఇష్టాయిష్టాలకు ఈ నియమాలు చాలావరకు కళ్లెం వేశాయి. ఆ వారం దుకాణాల్లో జనం ఏ రికార్డులు కొన్నారో వాటిలోంచే పాటలు రావాలి. అందుకే గొప్ప పాట పక్కనే చిన్నపిల్లల పాట, దాని పక్కన ఎవరో హాస్యనటుడు సరదాకు పాడిన పాట కనిపిస్తాయి. మీవారు పనికిరానివంటున్న పాటలు కూడా జనం డబ్బు పెట్టి కొని ఇంటికి తీసుకువెళ్లినవే.

ఒక ఉదాహరణ చెబుతాను. సంగీత చరిత్ర పుస్తకాలు చదివితే 1977 అంటే ఇంగ్లండులో పంక్ అనే ఆవేశపు రాక్ సంగీతం విరుచుకుపడిన ఏడాది అనిపిస్తుంది. ఆ ఏటి ఎపిసోడ్లను వరుసగా చూస్తే పంక్ బృందాలు అక్కడక్కడ మెరుస్తాయే తప్ప, ఎక్కువ సమయాన్ని ఆక్రమించినవి డిస్కో పాటలు, మెత్తని ప్రేమగీతాలు. ఆ ఏడాది చివర తొమ్మిది వారాలు మొదటి స్థానంలో నిలిచి, బ్రిటన్‌లో ఇరవై లక్షలకు పైగా అమ్ముడైన మొదటి సింగిల్ రికార్డుగా పేరు పొందినది, పాల్ మెకార్ట్నీ బృందం బ్యాగ్‌పైపులనే ఊదుడు వాద్యాలు జోడించి పాడిన ఒక స్కాట్లండ్ పాట. విడి పాటలు ఏరుకుని చూసేవారికి ఈ సంగతి ఎప్పటికీ తెలియదు. మన టీవీల్లో ‘ఆపాత మధురాలు’ మాత్రమే చూసి పెరిగిన పిల్లలు, ఆ రోజుల్లో సినిమా పాటలన్నీ ఆణిముత్యాలేనని నమ్ముతున్నారు. ఆ ముత్యాల మధ్య వచ్చిపోయిన మామూలు పాటలను ఎవరూ మళ్లీ వినిపించరు కాబట్టి, ఆ నమ్మకాన్ని కదిలించేది ఏదీ వారికి ఎదురుపడదు.

విసుగు కూడా ఈ చూడటంలో భాగమే. 1991లో బ్రయాన్ ఆడమ్స్ పాట ఒకటి వరుసగా 16 వారాలు మొదటి స్థానాన్ని వదలలేదు. ఆ వేసవిలో టీవీ ముందు కూర్చున్న కుటుంబాలు నెలల తరబడి అదే పాటతో కార్యక్రమం ముగియడాన్ని భరించవలసి వచ్చింది. ఆ ఎపిసోడ్లను వరుసగా చూసినవారికి, పదిహేడో వారంలో ఇంకో పాట చివరికి వచ్చినప్పుడు కలిగే ఊరట ఏ సంకలనమూ ఇవ్వలేదు.

ఇక పెదవులు కదపడం గురించి. ఘంటసాల గొంతుకు రామారావు, నాగేశ్వరరావు పెదవులు కదిపితే పరవశించిన మనకు అందులో తప్పు కనిపించనక్కరలేదు గానీ, అక్కడ ఇది పెద్ద వివాదమే అయింది. తొలి రోజుల్లో గాయకులు తమ రికార్డుకే పెదవులు కదిపేవారు. ఒక అమ్మాయి గ్రామఫోను పక్కన కూర్చుని రికార్డు పెడుతున్నట్లు తెరమీద చూపించేవారు కూడా. వాద్యకారుల సంఘం దీన్ని వ్యతిరేకించడంతో 1966లో ఆ పద్ధతి ఆగిపోయింది. అప్పటినుంచి జానీ పియర్సన్ నాయకత్వంలోని ఆర్కెస్ట్రా స్టూడియోలో వాయిస్తుండగా గాయకుడు నిజంగానే పాడటమో, బృందం ఆ కార్యక్రమం కోసమే పాటను మళ్లీ రికార్డు చేసి తెచ్చి దానికి పెదవులు కదపడమో తప్పనిసరి అయింది. అందువల్లనే 1970ల నాటి కొన్ని ప్రదర్శనల్లో మీరెరిగిన పాట కాస్త వేరుగా, ఒక్కోసారి తడబడుతూ వినిపిస్తుంది. ఆ తేడా కోసమే నేను వాటిని వెతుక్కుని చూస్తాను. క్వీన్ బృందం 1975లో ఒక పాటకు ప్రత్యేకంగా వీడియో తీయించడానికి ఒక ముఖ్య కారణం, అంతటి జటిలమైన గానాన్ని ఆ స్టూడియోలో పెదవులతో నటించడం కుదరదనుకోవడమే. ఆ పాట తొమ్మిది వారాలు మొదటి స్థానంలో ఉంది.

ఈసారి చూసేటప్పుడు గాయకుణ్ణి వదిలి, చుట్టూ నిలబడిన కుర్రకారును గమనించండి. కెమెరా బండి కదిలినప్పుడల్లా సిబ్బంది వారిని పక్కకు జరుపుతుంటారు. కొందరు గాయకుణ్ణి కాక, పైన వేలాడే మానిటర్‌లో తమ మొహం కనబడుతుందేమోనని చూస్తుంటారు. ఎలక్ట్రిక్ గిటారుకు యాంప్లిఫయరు వైరు తగిలించి ఉండదు. ఇంట్లో కుట్టించుకున్నట్లున్న దుస్తులు, ఎటు ఆడాలో తెలియని చేతులు, పక్కవారిని చూసి వేసే అడుగులు ఆ కాలపు వాస్తవ చిత్రాన్ని ఇస్తాయి. యూట్యూబ్‌లో ముక్కలుగా దొరికే వాటిలో ఇవి చాలావరకు కత్తిరింపుకు పోతాయి.

బీబీసీ కార్యక్రమాలను ఇంటర్నెట్‌లో చూపించే ఐప్లేయర్ మన దేశంలో పనిచేయదు కాబట్టి మీకొక మార్గం సూచిస్తాను. బ్రిటన్ అధికారిక పట్టికల వెబ్‌సైటులో ఏ వారం ఏ పాట ఎక్కడుందో దశాబ్దాల వెనక్కి వెళ్లి చూడవచ్చు. మీకు నచ్చిన ఏడాదిలో ఇదే తేదీకి దగ్గరి వారాన్ని తీసుకుని, పైకి ఎగబాకుతున్న పాటలను కింది నుంచి పైకి వరుసగా వినండి. వాటిలో ప్రదర్శన దొరికిన వాటిని చూడండి. వారానికి ఒక పట్టిక చాలు. డిసెంబరులో క్రిస్మస్ పాటలు, జులైలో సెలవుల పాటలు ఎలా వచ్చిపోతాయో అప్పుడే తెలుస్తుంది. మీవారిని కూడా కూర్చోబెట్టండి.

ప్రశ్న: ఈ కార్యక్రమం 1964లో మొదలైతే, పునఃప్రసారాలు 1976 ఎపిసోడ్లతో ఎందుకు మొదలయ్యాయి? మధ్యలో కొన్ని వారాలు లేకపోవడానికి కారణం ఏమిటి?
– ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: బీబీసీ ఫోర్ 2011 ఏప్రిల్‌లో, సరిగ్గా 35 ఏళ్ల కిందటి 1976 ఏప్రిల్ ఎపిసోడ్లతో ఈ వరుసను ప్రారంభించింది. అంతకుముందువి చాలావరకు లేవు. అప్పట్లో వీడియో టేపు ఎంతో ఖరీదైనది, రెండంగుళాల వెడల్పుతో బరువైనది కూడా. ఒకసారి ప్రసారమైన పాప్ సంగీతాన్ని మళ్లీ ఎవరు చూస్తారన్న ఆలోచనతో, అదే టేపు మీద ఇంకో కార్యక్రమాన్ని రికార్డు చేసేవారు. 1960ల ఎపిసోడ్లలో పూర్తిగా మిగిలినవి వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. ఇంగ్లండులోని ఎందరో గొప్ప గాయకుల తొలి టీవీ ప్రదర్శనలు ఈ విధంగా నశించాయి. ఆ నష్టాన్ని తలచుకున్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

మధ్యలో లేని వారాలకు రెండు ముఖ్య కారణాలున్నాయి. 1980 వేసవిలో, తన ఆర్కెస్ట్రాల్లో కొన్నింటిని రద్దు చేయాలన్న బీబీసీ నిర్ణయానికి నిరసనగా వాద్యకారులు సమ్మె చేయడంతో కొన్ని వారాలపాటు కార్యక్రమమే జరగలేదు. రెండోది బాధాకరమైనది. ఆ కార్యక్రమపు మొదటి వ్యాఖ్యాత జిమ్మీ సావిల్ దశాబ్దాలపాటు పిల్లలమీద, మహిళలమీద లైంగిక నేరాలు చేశాడన్న సంగతి, అతను చనిపోయిన మరుసటి ఏడాది, 2012లో బయటపడింది. అప్పటినుంచి అతను వ్యాఖ్యాతగా ఉన్న ఎపిసోడ్లను బీబీసీ పునఃప్రసారం చేయడం లేదు. మొత్తం చూడాలని పై జవాబులో వాదించిన నేను, ఈ విషయంలో మాత్రం బీబీసీ చేసిన పనిని సమర్థిస్తాను. బాధితులు జీవించి ఉండగా అతని నవ్వును సాయంత్రపు వినోదంగా ఇళ్లలోకి పంపడం న్యాయం కాదు. పరిశోధకుల కోసం ఆ టేపులను చెరపకుండా భద్రపరచడం వేరు, ప్రసారం చేయడం వేరు.

ప్రశ్న: ఆ పట్టికలు నిజాయతీగా తయారయ్యేవా?
– ఒక విద్యార్థి, తాంబరం, చెన్నై

జవాబు: చాలావరకు అవును, పూర్తిగా కాదు. 1969కి ముందు బీబీసీ వివిధ పత్రికల పట్టికలను కలిపి సగటు తీసేది. ఆ లెక్కలో 1968 ఆగస్టులో ఒక వారం మూడు పాటలు మొదటి స్థానంలో సమానంగా నిలిచాయి. 1969 ఫిబ్రవరి నుంచి ఒక మార్కెట్ పరిశోధన సంస్థ సుమారు 300 దుకాణాలను ఎంచుకుని, దుకాణదారులు అమ్మిన ప్రతి రికార్డునూ ఒక పుస్తకంలో రాసి పంపే ఏర్పాటు చేసింది. ఆ దుకాణాలు ఏవో పసిగట్టిన కొందరు రికార్డు కంపెనీలవారు మనుషులను పంపి తమ పాటలను తామే కొనిపించుకునేవారు. 1983లో కంప్యూటర్ల ద్వారా లెక్కించడం మొదలయ్యాక ఈ మోసం కొంత కష్టమైంది.

ప్రశ్న: మనకు ఇటువంటి కార్యక్రమం ఉండేదా? పాత ‘చిత్రలహరి’, ‘ఒలియుం ఒలియుం’ ఎపిసోడ్లు ఎక్కడైనా దొరుకుతాయా? మా ఇంట్లో అప్పట్లో రికార్డు చేసిన వీహెచ్ఎస్ క్యాసెట్లు కొన్ని అటకమీద ఉన్నాయి. వాటిని ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, వడపళని, చెన్నై

జవాబు: స్థానాల లెక్కతో సాగిన పాటల కార్యక్రమం మన శ్రోతలకు మొదట వినిపించింది రేడియోలో. 1952 డిసెంబరులో సిలోన్ (నేటి శ్రీలంక) నుంచి ప్రసారమయ్యే రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ ప్రారంభించిన గీత్‌మాలా, దుకాణాల్లో రికార్డుల అమ్మకాలను, శ్రోతల సంఘాల అభిప్రాయాలను లెక్కలోకి తీసుకుని హిందీ పాటలకు మెట్లు కట్టేది. టీవీలో ఆ పద్ధతి 1990లలో దూరదర్శన్ మెట్రో చానల్లోని ‘సూపర్‌హిట్ ముకాబలా’ వంటి వాటితో వచ్చింది. శుక్రవారం సాయంత్రాలు హైదరాబాదు దూరదర్శన్‌లో వచ్చిన ‘చిత్రలహరి’గానీ, మన చెన్నై దూరదర్శన్‌లో వచ్చిన ‘ఒలియుం ఒలియుం’గానీ పట్టికలు కావు. అవి సినిమా పాటల కూర్పులు. చెన్నైలోని తెలుగువారిలో చాలామంది తమిళ పాటలను ముందు ఆ రెండోదాంట్లోనే నేర్చుకున్నారు.

ఇంగ్లండువారికీ మనకూ ఇక్కడొక పెద్ద తేడా ఉంది. వారి కార్యక్రమంలో గాయకులు ఆ సాయంత్రం కోసమే వచ్చి పాడారు గనుక, టేపు పోతే ప్రదర్శన కూడా పోయింది. మనకు పాటలు సినిమాల్లో భద్రంగా ఉన్నాయి గనుక ఏమీ పోలేదనిపిస్తుంది. కానీ ఏ శుక్రవారం ఏ పాట తర్వాత ఏ పాట వచ్చింది, మధ్యలో అనౌన్సరు ఏమన్నారు, ఏ ప్రకటనలు వచ్చాయి అన్న వరుస దాదాపుగా లేకుండా పోయింది. ప్రసార భారతి ఆర్కైవ్స్ యూట్యూబ్ చానల్లో పాత దూరదర్శన్ కార్యక్రమాలు ఎన్నో ఉన్నా, సినిమా పాటల హక్కులు నిర్మాతలవీ ఆడియో కంపెనీలవీ కాబట్టి ఇటువంటి కూర్పులను అలాగే పెట్టడం సులభం కాదు.

కాబట్టి మీ అటకమీది క్యాసెట్లు మీరనుకుంటున్నదానికన్నా విలువైనవి. చెన్నై ఉక్కకు, తేమకు టేపు అంచున తెల్లని బూజు పడుతుంది. క్యాసెట్‌పై ఉన్న చిన్న పారదర్శక ప్లాస్టిక్ కిటికీలోంచి వెలుతురులో చూస్తే అది కనిపిస్తుంది. అటువంటి దాన్ని ప్లేయర్‌లో పెట్టకండి. బూజు ప్లేయర్ హెడ్‌కు అంటుకుని, తర్వాత పెట్టిన మంచి క్యాసెట్లకూ పాకుతుంది, టేపు చిక్కుకుని తెగిపోవచ్చు కూడా. శుభ్రంగా ఉన్నవాటిని ముందు వేరుచేసి, ఒకసారి చివరిదాకా తిప్పి మళ్లీ వెనక్కి తిప్పాక, డిజిటల్‌గా మార్చేవారికి ఇవ్వండి. బూజుపట్టినవాటిని శుభ్రం చేయడం తెలిసినవారికి విడిగా అప్పగించండి. పెళ్లి వీడియోలను మార్చి ఇచ్చే స్టూడియోల్లో కొన్ని ఈ పని చేస్తున్నాయి. ఇచ్చేటప్పుడు “ప్రకటనలు తీసేయకండి, మధ్యలో ఏదీ కత్తిరించకండి” అని స్పష్టంగా చెప్పండి, ఎందుకంటే అడగకుండానే వాటిని తొలగించి పాటలు మాత్రమే ఇవ్వడం చాలాచోట్ల అలవాటు. ఫైలు పేరులో తేదీ తెలిస్తే తేదీ, తెలియకపోతే ప్రకటనల్లో కనిపించిన సినిమా విడుదలను బట్టి ఏడాది రాసుకోండి. మార్పించడం అయ్యాక కూడా అసలు క్యాసెట్లను పారవేయకుండా, నిలువుగా పేర్చి, అటకమీద కాక గాలి ఆడే పొడి బీరువాలో ఉంచండి.