అమ్మాయి "ఏదో లైబ్రరీ" రాస్తోందని కంగారు పడుతున్న నాన్నగారికి

"మా అమ్మాయి కంప్యూటర్ సైన్స్ మూడో ఏడాది. తోటివాళ్లంతా ఏఐ కోర్సుల్లో చేరుతుంటే తను నాలుగు నెలలుగా స్కాలా అనే ప్రోగ్రామింగ్ భాషలో, టైమ్ ప్రకారం పనులు నడిపే ఏదో లైబ్రరీ రాస్తోంది. స్కాలా మంచిదా, ఏఐ కోర్సు మంచిదా?" అని అడిగారు ఒక తండ్రి.

అయ్యా, మీ భయం స్కాలా గురించి కాదు, పిల్ల వెనకబడిపోతుందేమోనని. ఈ ప్రశ్న భాష పేరు మార్చుకుని నా దగ్గరికి ఎన్నోసార్లు వచ్చింది. వెనకబడదు, ముందు ఆ టెన్షన్ వదిలేయండి.

తను రాస్తున్నది క్రాన్ షెడ్యూళ్లు చదివే లైబ్రరీ, అంటే వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడ్. క్రాన్ అంటే చెప్పిన టైమ్‌కి పనులు నడిపే ప్రోగ్రామ్. అది 1979 నాటి యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే ఉంది, ఇవాళ్టికీ సర్వర్లలో బ్యాకప్పులూ రిపోర్టులూ ఈ పద్ధతిలోనే నడుస్తున్నాయి. నిమిషం, గంట, తేదీ, నెల, వారంలో ఏ రోజు, అంతే, ఐదు గళ్లు. చుక్క గుర్తు (*) అంటే ఏదైనా సరే అని, చివరి గడిలో 5 అంటే శుక్రవారం. కానీ "0 0 13 * 5" అని రాస్తే 13వ తేదీ శుక్రవారం పడినప్పుడే పని నడుస్తుందని చాలామంది అనుకుంటారు. మామూలు క్రాన్‌లో అది ప్రతి 13వ తేదీనా, ప్రతి శుక్రవారమూ నడుస్తుంది! స్కాలాలో ఇదివరకే ఉన్న క్రాన్‌ఫోర్‌ఎస్ లైబ్రరీ అయితే తేదీ, వారం రోజు గళ్లలో ఒకదాంట్లో ప్రశ్నార్థకం (?) పెట్టాల్సిందేనంటుంది, లేకపోతే ఆ లైను చదివేటప్పుడే తప్పని చెప్పేస్తుంది, అర్ధరాత్రి పని తేడా కొట్టేదాకా ఆగక్కర్లేదు. పైగా ఇప్పటి టైమ్ ఇస్తే తర్వాతి టైమ్ చెప్పేది ఒట్టి ఫంక్షన్ కాబట్టి, అర్ధరాత్రి దాకా మేలుకోకుండానే దాన్ని టెస్ట్ చేయొచ్చు. ఇలా ఆలోచించడం వచ్చిన పిల్ల ఏ భాషలోనైనా నిలబడుతుంది.

ఇక ఏఐ కోర్సులు. ఆ రంగం మీద నాకు గౌరవముంది, మూడు నెలల సర్టిఫికెట్ల మీదే అనుమానం. ఎవరో రాసిచ్చిన కోడ్ నోట్‌బుక్‌లో సెల్ (కోడ్ ముక్క) తర్వాత సెల్ నడిపి ప్రాజెక్ట్ చేశామనుకునే పిల్లలు, ఇంటర్వ్యూలో "ఇది పాడైతే ఏం చేస్తావు?" అనగానే ఆగిపోతారు. అసలు మోడళ్లకు డేటా తెచ్చే పనులు కూడా షెడ్యూల్ మీదే నడవాలి కదా, అందుకు వాడే ఎయిర్‌ఫ్లో అనే సాఫ్ట్‌వేర్‌లోనూ ఇవే క్రాన్ లైన్లు రాస్తారు.

అలాగని స్కాలా ఉద్యోగాలు జావా ఉద్యోగాలన్ని ఉండవు, ఆ మాట దాచను. పక్కన జావా, డేటాబేస్‌ల భాష ఎస్‌క్యూఎల్ గట్టిగా నేర్చుకోమనండి. స్కాలా నడిచేదీ జావా ప్రోగ్రాములను నడిపే జేవీఎం మీదే గనక జావా తనకు బరువేమీ కాదు. లైబ్రరీని మాత్రం సగంలో వదలొద్దు, టెస్టులు, వాడే విధానం రాసి ఒక్క వెర్షనైనా విడుదల చేయాలి.

మిమ్మల్ని ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. తోటివాళ్లు ఏ కోర్సులో చేరారో మీకు తెలుసు, మీ అమ్మాయి నాలుగు నెలల కష్టాన్ని మాత్రం "ఏదో లైబ్రరీ" అని రాశారు. ఒక్కసారైనా పక్కన కూర్చుని అడిగారా? ఈ రాత్రికి అడగండి. ఫిబ్రవరి 31న నడవమని ఎవరైనా రాస్తే నీ లైబ్రరీ ఏం చేస్తుందమ్మా అని. తను చెప్పేది పూర్తిగా విని, అప్పటికీ కంగారుగా ఉంటే నాకు మళ్లీ రాయండి.