అబద్ధమాడే నోడ్ సంగతి

చిరంజీవికి ఆశీస్సులు.

ఒక నోడ్ (నెట్‌వర్క్‌లోని ఒక కంప్యూటర్) పంపిన సందేశాన్ని మిగతావన్నీ ఒకేలా స్వీకరించాలని నువ్వు రాసిన కోడ్ చదివాను. నోడ్ ఆగిపోతే ఏం చేయాలో చక్కగా రాశావు. అబద్ధమాడితే? చచ్చిన నోడ్‌తో పెద్ద చిక్కు లేదు, అది పలకదు, అంతే. బతికి ఉండి ఒకరికి ఒకటి, మరొకరికి మరొకటి చెప్పేదే కొంప ముంచుతుంది.

గేబ్రియల్ బ్రాచా 1987లో ప్రచురించిన పద్ధతినే నువ్వూ ఎంచుకున్నావు, మంచిదే. అందులో ప్రతి నోడ్ తనకు అందిన విలువను అందరికీ తిరిగి చెబుతుంది, అది ఎకో. ఒకే విలువకు చాలినన్ని ఎకోలు వస్తే అందరికీ "రెడీ" అంటుంది, చాలినన్ని రెడీలు వస్తే ఆ విలువను స్వీకరిస్తుంది. మోసపు నోడ్ ఒకటుంటే మొత్తం కనీసం నాలుగు కావాలి, రెండుంటే ఏడు. కానీ అందులో ఒక నియమం వదిలేశావు.

నాలుగు నోడ్‌లు అనుకో. అప్పుడు తన సొంతదీ కలిపి మూడు ఎకోలు, మూడు రెడీలు కావాలి. పంపేది ఒకటోది, మోసమూ దానిదే. రెండు, మూడు నోడ్‌లకు "అవును" అనీ, నాలుగోదానికి "కాదు" అనీ పంపింది. ఎవరికి అందింది వాళ్లు అందరికీ ఎకో చేశారు. ఒకటోది మాత్రం తన "అవును" ఎకోను రెండు, మూడు నోడ్‌లకే పంపింది. వాటికి మూడేసి ఎకోలు పోగై, రెండూ "రెడీ" అన్నాయి. ఇప్పుడు ఒకటోది తన రెడీని రెండోదానికి మాత్రమే పంపింది. దాని దగ్గర మూడు రెడీలు, సందేశాన్ని స్వీకరించేసింది. మూడోది రెండు రెడీలతో, నాలుగోది రెండు ఎకోలతో అలా ఎదురుచూస్తూనే ఉంటాయి. నీ కోడ్ సరిగ్గా ఇక్కడే ఆగిపోతుంది.

వదిలేసిన నియమం ఇది: ఎకోలు చాలకపోయినా, ఒకే విలువకు రెండు రెడీలు వస్తే నువ్వూ రెడీ చెప్పాలి. మోసపుది ఒకటే కాబట్టి ఆ రెండింటిలో ఒకటైనా నికార్సయినది. అప్పుడు రెండు, మూడు నోడ్‌ల రెడీలు అందిన నాలుగోది, తను విన్నది "కాదు" అయినా, "అవును"కే రెడీ అంటుంది. మూడు నోడ్‌లూ ఒకే విలువను స్వీకరిస్తాయి.

పంపేదే మోసపుదై మౌనంగా ఉండిపోతే ఎవరూ ఏదీ స్వీకరించరు. అదీ సరైన ఫలితమే. కంగారుపడి టైమ్‌అవుట్ (ఇంతసేపే ఎదురుచూడాలన్న గడువు) తగిలించకు.

ఇంకొకటి. ఎకోలను అంకెగా లెక్కపెట్టకు, పంపినవారి పేర్ల జాబితాగా దాచు. నేను ఒకప్పుడు ఊరికే కౌంటర్ పెంచుకుంటూ పోయాను. ఒకే నోడ్ మూడుసార్లు ఎకో పంపి పని కానిచ్చేసింది. తప్పు దొరకడానికి నాకు రెండు రాత్రులు పట్టింది.

నీ టెస్టుల్లో నోడ్‌లను చంపడమే ఉంది. పై కథనే టెస్టుగా రాసి, ముందు కొత్త నియమం లేకుండా నడుపు. అది ఫెయిల్ కావాలి. కాకపోతే టెస్టులోనే తప్పుంది, నాకు పంపు.