మ్యాడ్‌హౌస్‌లోనే చేరతానంటోంది మా అమ్మాయి

ప్రశ్న: మాది ఖమ్మం. అమ్మాయి హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. మార్కులు బాగానే వస్తాయి. కానీ ఎంసెట్ రాయనంటోంది. జపాన్ వెళ్ళి మ్యాడ్‌హౌస్ అనే కార్టూన్ కంపెనీలో బొమ్మలు వేస్తుందట. వాళ్ళ నాన్నేమో బీటెక్ తప్ప ఇంకో మాట వినరు. ఇద్దరి మధ్యా నేను నలిగిపోతున్నాను. అసలు అదేం కంపెనీ? అక్కడ పిల్లకి బతుకు ఉంటుందా? తను వేసిన బొమ్మల ఫొటోలు కూడా పంపుతున్నాను, చూసి చెప్పండి.

జవాబు: అమ్మా, ఉత్తరం కన్నా ముందు ఫొటోలే చూశాను. మొత్తం ఇరవై మూడు బొమ్మలు. వాటిలో నాకు ఒక విషయం కనిపించింది, దాని సంగతి కాసేపాగి చెబుతాను.

ముందు ఆ 'కార్టూన్ కంపెనీ' గురించి. తొంభైల్లో ఆదివారం పొద్దున్నే దూరదర్శన్‌లో వచ్చిన జంగిల్ బుక్ మీకు గుర్తుండే ఉంటుంది. ఆ మౌగ్లీ జపాన్ వాళ్ళ చేతి బొమ్మే. 1989లో నిప్పన్ యానిమేషన్ అనే స్టూడియో తీసిన సీరియల్ అది. అంటే జపాన్ బొమ్మలు మీ ఇంట్లోకి మీ అమ్మాయితో రాలేదు, మీతోనే వచ్చాయి. ఈ మాట వాళ్ళ నాన్నగారి చెవిన కూడా వేయండి, వాతావరణం కాస్త చల్లబడుతుంది.

మ్యాడ్‌హౌస్ వేరే సంస్థ. 1972లో టోక్యోలో మొదలైంది. జపాన్ కామిక్స్‌కి పెద్దదిక్కు అనదగ్గ ఒసాము తెజుకా పెట్టిన ముషి ప్రొడక్షన్ అప్పుల్లో కూరుకుపోతున్న రోజులవి. అందులో పనిచేసే మసావో మరుయామ, ఒసాము దెజాకి, రింతారో, యోషియాకి కవజిరి లాంటి వాళ్ళు బయటికొచ్చి సొంతంగా పెట్టుకున్న స్టూడియో ఇది. మరుసటి ఏడాదే ముషి దివాలా తీసింది. ఇది మాత్రం యాభై ఏళ్ళు దాటినా నడుస్తోంది. కాబట్టి 'రేపు మూతపడే కంపెనీ' అన్న భయం వద్దు. భయపడాల్సినవి వేరే ఉన్నాయి, వాటికీ వస్తాను.

ఇక్కడి నుంచి అమ్మాయికి చదివి వినిపించండి. లేదా ఫోన్‌లో ఈ పేజీ పంపించండి, తనే చదువుకుంటుంది.

తల్లీ, నీ బొమ్మల కింద 'మ్యాడ్‌హౌస్ స్టైల్' అని రాసుకున్నావు. ఆ స్టైల్ ఏదో నాక్కొంచెం చూపించు. 1973లో వాళ్ళ మొదటి టీవీ సీరియల్ ఒక స్కూలు పిల్ల టెన్నిస్ నేర్చుకునే కథ. 1983లో హిరోషిమా మీద పడ్డ అణుబాంబు మీద బేర్‌ఫుట్ గెన్ తీశారు. 1993లో కత్తులు, నెత్తురుతో నింజా స్క్రోల్. 1998లో చిన్నపిల్లలు ముచ్చటపడే కార్డ్‌క్యాప్టర్ సకురా. 2000లో బాక్సింగ్ కథ హజిమే నో ఇప్పో. 2004లో జర్మనీలో తిరిగే డాక్టరు కథ మాన్‌స్టర్, 74 ఎపిసోడ్లు. ఆ తర్వాత నువ్వు గోడకి అంటించుకున్న డెత్ నోట్. హంటర్ హంటర్ ఒక్కటే 148 ఎపిసోడ్లు. మొన్నమొన్నటి ఫ్రీరెన్. వీటన్నిటినీ వరసగా పెట్టి, ఒకే చోట తీశారని ఎవరికైనా చెబితే నమ్మరు. కళ్ళు ఒకలా ఉండవు, ముక్కులు ఒకలా ఉండవు, నడకలు అసలే ఒకలా ఉండవు.

కారణం చెబుతాను. అక్కడ బొమ్మ తీరు స్టూడియోది కాదు, ఆ సినిమాకి కూర్చున్న మనుషులది. దర్శకుడు సతోషి కోన్ ఉన్నన్నాళ్ళూ పర్‌ఫెక్ట్ బ్లూ, మిలీనియం యాక్ట్రెస్, టోక్యో గాడ్‌ఫాదర్స్, పాప్రికా వచ్చాయి. 2010లో, నలభై ఆరేళ్ళకే ఆయన పోయాడు. ఆ తరహా సినిమా మళ్ళీ అక్కడి నుంచి రాలేదు. సమ్మర్ వార్స్ తీసిన మమోరు హొసోదా 2011లో సొంత స్టూడియో పెట్టుకున్నాడు. మ్యాడ్‌హౌస్‌కి మూలస్తంభం లాంటి మరుయామ కూడా అదే ఏడాది బయటికెళ్ళి మాప్పా అనే స్టూడియో పెట్టాడు. నువ్వు దాన్నీ పొగుడుతూ ఉండే ఉంటావు. ఇక వన్ పంచ్ మ్యాన్ సంగతి నీకే బాగా తెలుసు. 2015లో మొదటి సీజన్‌కి దర్శకుడు షింగో నత్సుమే తనకు తెలిసిన మంచి యానిమేటర్లను నలుమూలల నుంచీ పోగేశాడు. వాళ్ళలో చాలామంది ఆ స్టూడియో ఉద్యోగులే కాదు, ఫ్రీలాన్సర్లు. రెండో సీజన్ వేరే స్టూడియోకి, వేరే చేతులకి వెళ్ళింది. ఎంత తేడా వచ్చిందో మీ ఫ్రెండ్స్ రాత్రంతా కూర్చుని తిట్టుకునే ఉంటారు.

అందుకే 'మ్యాడ్‌హౌస్‌లో చేరాలి' అన్న కోరిక నాకు కొంచెం తేడాగా కనిపిస్తుంది. 'ఫలానా హోటల్లో చేరాలి' అన్నట్టుంది. వంట చేస్తావా, వడ్డిస్తావా, గల్లాపెట్టె దగ్గర కూర్చుంటావా? ఒక ఎపిసోడ్ తయారవ్వాలంటే ముందు కథని షాట్ల వారీగా బొమ్మల్లో గీసుకునే స్టోరీబోర్డు కావాలి. తర్వాత ప్రతి షాట్‌లో ఎవరు, ఏది ఎక్కడుండాలో చూపే లేఅవుట్, ముఖ్యమైన కదలికలు గీసే కీ యానిమేషన్, వాటిని సరిదిద్దే యానిమేషన్ డైరెక్టరు, మధ్య బొమ్మలు నింపే ఇన్‌బిట్వీన్, రంగులు, బ్యాక్‌గ్రౌండ్లు, చివర అన్నీ కలిపే కంపోజిటింగ్. ఇవన్నీ వేళకి అందేలా ఒకరి బల్ల నుంచి ఇంకొకరి బల్లకి పరుగెత్తే ప్రొడక్షన్ మనిషి ఒకరు. ఇరవై రెండు నిమిషాల ఎపిసోడ్‌కి సుమారు 300 షాట్లు, కొన్ని వేల బొమ్మలు. నువ్వు వీటిలో ఏది?

'కీ యానిమేటర్‌ని' అంటావని తెలుసు. అందరూ అదే అంటారు.

సరే, ఇప్పుడు నీ ఇరవై మూడు బొమ్మలు. ముఖాలు బాగున్నాయి. గీతలో భయం లేదు, ఈ వయసుకి అది చిన్న విషయం కాదు. కానీ ఇరవై మూడింటిలో ఇరవై ముఖాలు ఒకే పక్కకి తిరిగి ఉన్నాయి. జుట్టు ఎప్పుడూ గాలికి ఎగురుతూనే ఉంది. ఇక చేతులు! ఒకడివి జేబుల్లో ఉన్నాయి, ఒకమ్మాయివి వెనక్కి కట్టుకుని ఉన్నాయి, ఇంకొకడికి పొడుగు చొక్కా చేతుల్లో దాక్కున్నాయి, ఒకచోట పేజీయే అయిపోయింది. చేతులు రావు కాబట్టి దాచేశావు. నేనూ ఒకప్పుడు అదే పని చేశాను కాబట్టి వెంటనే కనిపెట్టాను.

నీకు నచ్చిన డెత్ నోట్‌నే ఇంకోసారి చూడు, కథ కోసం కాదు, చేతుల కోసం. 37 ఎపిసోడ్లలో చాలా చోట్ల జరిగేది ఒక కుర్రాడు బల్ల ముందు కూర్చుని పుస్తకంలో పేర్లు రాయడమే. అందులో చూసేదేముంది? అయినా ఊపిరి బిగబట్టి చూశావు. చిప్స్ ప్యాకెట్లోంచి ఒక్క చిప్ తీసి నోట్లో పెట్టుకోవడాన్ని యుద్ధంలా గీశారు. కరుతా అనే జపాన్ కార్డుల ఆట మీద తీసిన చిహయఫురు అయితే మొత్తం చేతుల కథే. వంద పాత పద్యాలు కంఠతా వచ్చి ఉండాలి, మొదటి అక్షరాలు వినపడగానే కింద పరిచిన కార్డుల్లో సరైనది కొట్టి ఎగరగొట్టాలి. మణికట్టు, వేళ్ళ చివరలు, చాప మీద మోకాళ్ళు సరిగ్గా రాకపోతే ఆ సీరియలే లేదు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది టోక్యో గాడ్‌ఫాదర్స్. ఇల్లూ వాకిలీ లేని ముగ్గురు, చెత్తకుప్పలో దొరికిన ఒక పసిబిడ్డ, మంచు. అందులో గుర్తుండిపోయేది గాలికి ఎగిరే జుట్టు కాదు. మాసిన కోట్లు, వంగిన నడుములు, చలికి ముడుచుకున్న మొహాలే. ఈ పనులన్నీ ఒకే గూటికి వస్తాయి. అలాంటి చోట ఒక్క రకం ముఖం గీయడం వచ్చిన మనిషికి మొదటి నెలే చేతులు కట్టేసినట్టుంటుంది.

నీకు చెప్పాల్సింది ఇంతే. మిగతాది అమ్మానాన్నలతో.

ఇక డబ్బు సంగతి, అమ్మా. ఇక్కడ పంచదార పూయను. కొత్తగా చేరిన వాళ్ళు చేసే ఇన్‌బిట్వీన్ పనికి బొమ్మకింత అని ఇస్తారు, దాదాపు 200 యెన్లు. మన లెక్కన వంద రూపాయల పైమాట. నెలకు 400 బొమ్మలు వేసినా 80,000 యెన్లు. టోక్యోలో గది అద్దెకే అందులో చాలా భాగం పోతుంది. పైగా ఈ ఇన్‌బిట్వీన్ పనిలో చాలా వాటా కొరియా, చైనా, ఫిలిప్పీన్స్, వియత్నాం స్టూడియోలకు వెళ్ళిపోతోంది. అంటే మీ అమ్మాయి కాలు పెట్టాలనుకుంటున్న మొదటి మెట్టే సగం జపాన్ దాటి వచ్చేసింది. రాత్రిళ్ళు, ఆదివారాలు పని చేయించడం గురించి అక్కడి పత్రికలే ఏళ్ళుగా రాస్తున్నాయి. పేరున్న స్టూడియో అయినంత మాత్రాన డబ్బుకి లోటుండదనీ అనుకోవద్దు. మ్యాడ్‌హౌస్ వాళ్ళు రెడ్‌లైన్ అనే కారు రేసుల సినిమాని చేత్తోనే గీసి, ఏడేళ్ళు తీశారు. చూడ్డానికి అద్భుతం, వసూళ్ళు అంతంతమాత్రం. 2011లో ఆ స్టూడియో నిప్పన్ టీవీ చేతికి వెళ్ళింది.

రెండోది వీసా. ఫ్రీలాన్స్ పనికి విదేశీయులకు వీసా దొరకడం కష్టం. ఏదైనా కంపెనీ ఉద్యోగిగా తీసుకోవాలి. ఆ ఉద్యోగ వీసాకి సాధారణంగా డిగ్రీ అడుగుతారు, లేదంటే జపాన్‌లోనే వృత్తి కళాశాల చదువు ఉండాలి. చదివినదానికీ చేయబోయే పనికీ సంబంధం ఉందా అని కూడా చూస్తారు. ఇక్కడే వాళ్ళ నాన్నగారితో మాట్లాడటానికి మీకు ఒక దారి దొరుకుతుంది. ఆయన డిగ్రీ ఉండాలంటున్నారు, జపాన్ ప్రభుత్వమూ అదే అంటోంది. కాకపోతే అది సివిల్ ఇంజినీరింగ్ డిగ్రీ అయితే బొమ్మల ఉద్యోగానికి అతకదు. బీటెక్ మీద నాకు కోపం లేదు. కంప్యూటర్ గ్రాఫిక్స్ వైపు, స్టూడియోలకు టూల్స్ రాసే వైపు వెళ్ళే పిల్లలకు అది చాలా పనికొస్తుంది. మీ అమ్మాయి లెక్కల నోట్సు ఫొటో కూడా పొరపాటున పంపారు. అది చూశాక ఆ సలహా మీకు ఇవ్వలేను.

నేనైతే ఇలా చేయిస్తాను. ఇంటర్ మాత్రం ఆపకూడదు, మంచి మార్కులతో పూర్తి చేయాలి. హైదరాబాద్‌లోనే జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ)లో యానిమేషన్‌లో బీఎఫ్ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ ఉంది. ఎంపీసీ పిల్లలూ రాయొచ్చు, దానికి వేరే ఎంట్రన్స్ ఉంటుంది. అహ్మదాబాద్ ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)లో యానిమేషన్ ఫిల్మ్ డిజైన్ ఉంది, పోటీ గట్టిగా ఉంటుంది. యూసీడ్ అనే డిజైన్ ప్రవేశ పరీక్ష రాస్తే ఐఐటీ హైదరాబాద్‌లో బీడిజైన్ డిగ్రీకీ దారి ఉంది. ఆ పరీక్ష జనవరిలో, దరఖాస్తులు మాత్రం అంతకు నెలల ముందే మొదలవుతాయి. చాలామంది తల్లిదండ్రులు ఎంసెట్ అయ్యాక వచ్చి అడుగుతారు. అప్పటికి ఆ బండి వెళ్ళిపోయి ఉంటుంది. 'ఐఐటీ' అన్న మాట వాళ్ళ నాన్నగారి మీద ఎలా పనిచేస్తుందో మీరే చూడండి. ఎంసెట్ (ఇప్పటి పేరు ఈఏపీసెట్) కూడా రాయించండి, ఒక పూట పోతుంది అంతే. రాస్తే ఇంట్లో ఆర్నెల్లు శాంతి.

దాంతోపాటు జపనీస్ ఇప్పుడే మొదలుపెట్టాలి. డిగ్రీ అయ్యాక చూద్దామంటే కుదరదు. స్టూడియోలో దిద్దుబాట్లన్నీ ఆ భాషలోనే కాగితం మీద రాసి ఉంటాయి. జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా పరీక్షలో ఎన్2 స్థాయి దాకా వస్తే ధైర్యంగా అడుగు వేయొచ్చు, దానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. డిగ్రీ పూర్తయ్యేసరికి సరిగ్గా అందుతుంది. జపాన్‌లో చదువుకి అక్కడి ప్రభుత్వం ఇచ్చే మెక్స్ట్ స్కాలర్‌షిప్ ఉంది, ఢిల్లీలోని జపాన్ ఎంబసీ ఏటా ప్రకటన ఇస్తుంది. ఒకవేళ స్టూడెంట్ వీసా మీద వెళితే క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 28 గంటలకు మించి పార్ట్‌టైమ్ చేయడానికి లేదు. కాబట్టి 'అక్కడే సంపాదించుకుని చదువుకుంటుంది' అని ఎవరైనా చెబితే ఆ లెక్క కాగితం మీద వేసి చూసుకోండి.

అమీర్‌పేటలో బోర్డులు చూసి మాత్రం డబ్బు కట్టొద్దు. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడు 'జపాన్ ప్లేస్‌మెంట్ గ్యారంటీ' అన్నారని మూడు లక్షలు పోసి ఏడాది నేర్చుకున్నాడు. సాఫ్ట్‌వేర్ బటన్లన్నీ నోటికి వచ్చు. కుర్చీలో కూర్చున్న మనిషిని గీయమంటే పది నిమిషాలు పెన్సిల్ కొరుకుతూ కూర్చున్నాడు. తప్పు వాడిది కాదు, ఎవరూ కూర్చోబెట్టి గీయించలేదు.

జపాన్ కుదరకపోతే? అదీ అడగాల్సిన ప్రశ్నే. చేతిలో పని ఉంటే హైదరాబాద్‌లోనే చోటుంది. ఛోటా భీమ్ తీసే గ్రీన్ గోల్డ్ ఇక్కడే ఉంది. సినిమాలకు గ్రాఫిక్స్ చేసేవాళ్ళున్నారు, గేములు చేసేవాళ్ళున్నారు, సినిమావాళ్ళకు స్టోరీబోర్డులు గీసిచ్చే పనీ ఉంది. మొదటి జీతాలు సాఫ్ట్‌వేర్ వాళ్ళతో పోల్చుకునేలా ఉండవు. ఆ మాట ఇప్పుడే ఇంట్లో అందరూ కలిసి అనుకుంటే మంచిది. నాలుగేళ్ళ తర్వాత పెదనాన్న కొడుకు ప్యాకేజీ గురించి భోజనాల దగ్గర మాట వచ్చినప్పుడు గొడవ ఉండదు.

ఇప్పటికి ఒక పని చేయండి. సంక్రాంతి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఫోన్ పక్కన పెట్టించి, రోజుకు మూడు కాగితాలు నింపమనండి. హీరోలు వద్దు. మీరు చిక్కుళ్ళు వలుస్తుంటే ఆ వేళ్ళు, వాళ్ళ నాన్నగారు పేపరు పట్టుకుని కునికిపాట్లు పడుతుంటే ఆ మెడ, వంటింట్లో స్టవ్వు, బస్టాండ్‌లో మూట మీద కూర్చున్న ముసలమ్మ. చూసింది చూసినట్టు, పెన్సిల్‌తో. రబ్బరు వాడొద్దు. సెలవులయ్యాక వాటి ఫొటోలు నాకు పంపండి, బాగా రానివి కూడా తీసేయకుండా. అవి చూస్తే ఏ మెట్టు మీద ఉందో, బీఎఫ్ఏనా బీడిజైనా అన్నది ఇంకా గట్టిగా చెప్పగలను. ఒక్క షరతు: ఎవరి చేతులూ జేబుల్లో ఉండకూడదు.