కంప్యూటర్ గడియారాలు ఒక్క వేళ చూపాలంటే

ప్రశ్న: కోఠిలో మాకు మందుల హోల్‌సేల్ దుకాణం ఉంది. బిల్లింగుకు ఐదు కంప్యూటర్లు వాడుతున్నాము. అవి తలా ఒక సమయం చూపుతున్నాయి. మొన్న సరుకు వాపసు చీటీ ఒకటి దాని అసలు బిల్లుకంటే మూడు నిమిషాల ముందే తయారైనట్టు నమోదైంది. ఒక కంప్యూటర్‌లోనైతే కరెంటు తీసిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతోంది, అప్పుడు బ్యాంకు వెబ్‌సైటు కూడా తెరుచుకోదు. వారానికోసారి సెల్‌ఫోన్ చూసి సరిచేసుకుంటున్నాము. దీనికి శాశ్వత పరిష్కారం చెప్పగలరు.
— ఒక వ్యాపారి, హైదరాబాద్

జవాబు: తేదీ వెనక్కి పోయే కంప్యూటర్‌తో మొదలుపెట్టండి. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది మదర్‌బోర్డు మీద ఉండే బిళ్ల బ్యాటరీ. అది అయిపోయి ఉంటుంది, మార్పించండి. చాలా డెస్క్‌టాప్‌లలో వాడేది సీఆర్2032 రకం. బ్యాంకు వెబ్‌సైటు తన గుర్తింపుగా చూపే ధ్రువపత్రానికి ఆరంభ తేదీ, గడువు తేదీ ఉంటాయి. మీ కంప్యూటర్ లెక్కలో ఆ ఆరంభ తేదీ ఇంకా రాలేదు కనుక బ్రౌజర్ ఆ పత్రాన్ని నమ్మడం లేదు.

మిగిలిన నాలుగింటిలో చెడిపోయినదేమీ లేదు. కంప్యూటర్ గడియారం సెకనుకు 32,768 సార్లు కంపించే క్వార్ట్జ్ స్ఫటికాన్ని లెక్కపెట్టుకుంటూ నడుస్తుంది. ఆ కంపనంలో పది లక్షలకు 20 వంతుల తేడా ఉన్నా రోజుకు 1.7 సెకన్లు, నెలకు దాదాపు 52 సెకన్లు తప్పుతుంది. పైగా స్ఫటికానికీ స్ఫటికానికీ తేడా ఉంటుంది, వేడికి అది ఇంకా మారుతుంది. అందుకే మీరు ఎంత శ్రద్ధగా ఫోన్ చూసి సరిచేసినా మర్నాటికే మళ్లీ ఎడం మొదలవుతుంది.

దీనికి సరైన మార్గం ఎన్‌టీపీ, అంటే నెట్‌వర్క్ ద్వారా సమయం తెచ్చుకునే పద్ధతి. డేవిడ్ మిల్స్ 1985లో రూపొందించిన ఈ పద్ధతిలోని అందమంతా, దారిలో పట్టిన ఆలస్యాన్ని కూడా అది లెక్కగట్టడంలో ఉంది. మీ కంప్యూటర్ తన గడియారం ప్రకారం సరిగ్గా 10 గంటలకు అడిగిందనుకోండి. సర్వర్, అంటే నెట్‌వర్క్‌లో సరైన సమయం చెప్పే కంప్యూటర్, తన గడియారం ప్రకారం ఆ ప్రశ్నను 10 గంటల 5.1 సెకన్లకు అందుకుని, 5.2 సెకన్లకు జవాబు పంపింది. మీ గడియారంలో 0.3 సెకన్ల దగ్గర అది చేరింది. రానుపోను 0.3 సెకన్లలో సర్వర్ దగ్గర గడిచిన 0.1 తీసేస్తే దారిలో పట్టింది 0.2, అంటే ఒక్కో వైపు 0.1. కాబట్టి మీ గడియారం సరిగ్గా 5 సెకన్లు వెనకబడి ఉంది. రాకకూ పోకకూ ఒకే ఆలస్యమనుకోవడమే ఇక్కడున్న లోపం. అయినా ఆ పొరపాటు మొత్తం దారి సమయంలో సగాన్ని మించదు, బిల్లింగుకు అది లెక్కలోకి రాదు.

ఇక చేయవలసింది. ప్రతి కంప్యూటర్‌లోనూ టైమ్‌జోన్ భారత కాలమానంగా, అంటే ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీకి 5 గంటల 30 నిమిషాల ముందుగా ఉందో లేదో చూడండి. విండోస్ జాబితాలో హైదరాబాద్ పేరు కనిపించదు. చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అని ఉన్నదే మనది. తరువాత డేట్ అండ్ టైమ్ సెట్టింగ్స్‌లో సమయాన్ని ఆటోమేటిక్‌గా తీసుకునే మీట వేసి, సింక్ నౌ నొక్కండి. తేడా 15 గంటలు మించితే విండోస్ సాధారణంగా తనంతట తాను సరిచేయదు కనుక, బ్యాటరీ మార్చిన కంప్యూటర్‌లో తేదీని ముందు ఒకసారి చేత్తో పెట్టాలి. సింక్ విఫలమవుతుంటే, నెట్‌వర్క్ రాకపోకలను కాపలా కాసే ఫైర్‌వాల్‌లో ఎన్‌టీపీ వాడే దారి, అంటే యూడీపీ 123 పోర్టు, మూసి ఉందేమో చూడండి. భారత ప్రామాణిక కాలాన్ని అణు గడియారాలతో నిర్వహించే ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలకు కూడా ఎన్‌టీపీ సర్వర్లు ఉన్నాయి, వాటినీ పెట్టుకోవచ్చు. ఏది ఎంచుకున్నా ఐదింటికీ అదే ఉండాలి.

ఈ పనికి ముందే ఏ కంప్యూటర్ ఎన్ని నిమిషాలు ముందుందో, వెనకుందో తేదీతో సహా ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. పాత బిల్లుల వేళలను మాత్రం మార్చవద్దు. ఆ వాపసు చీటీ గురించి ఆడిటర్ అడిగితే ఆ కాగితమే చూపవచ్చు.