టెక్ సందేహాలు: రోడ్డుకీ మట్టిబాటకీ ఒకే బైక్

ప్రశ్న: రోజూ ఆఫీసుకు వెళ్లడానికీ, సెలవు రోజుల్లో మట్టిబాటల్లో తిరగడానికీ పనికొచ్చే డ్యుయల్ స్పోర్ట్ బైక్ కొనాలనుకుంటున్నాను. బడ్జెట్ తక్కువ. ఇంతవరకు నడిపినవన్నీ మామూలు రోడ్డు బైక్‌లే. 250 సీసీ సరిపోతుందా, 650కి వెళ్లాలా? స్పెసిఫికేషన్లు ఎన్నిసార్లు చూసినా తేలడం లేదు.

జవాబు: ముందు సీసీ సంగతి పక్కన పెట్టండి. మీరు మొదట చూడాల్సిన అంకె బరువు. ఆ తర్వాత సీటు ఎత్తు.

రోడ్డు మీద బరువైన బైక్ నిలకడగా పోతుంది, హాయిగానే ఉంటుంది. మట్టిలో అలా కుదరదు. కొత్తలో అందరూ పడతారు. నేనూ చాలాసార్లు పడ్డాను. ఒకసారి ఏటవాలు దారిలో, కాలు కింద గులకరాళ్లు జారిపోతుంటే, హ్యాండిల్ పల్లం వైపు తిరిగి పడిపోయిన పెద్ద బైక్‌ను ఒక్కడినే లేపాల్సి వచ్చింది. మొదటిసారి ఎలాగో లేచింది. పది నిమిషాలకు మళ్లీ పడింది. మూడోసారికి చేతులు వణికిపోయి క్లచ్ కూడా సరిగా పట్టుకోలేకపోయాను. ఆ రోజు నేను ఇబ్బంది పడింది ఇంజిన్ శక్తి తక్కువై కాదు, బరువు ఎక్కువై.

ఇక అంకెలు. పెట్రోలుతో కలిపి యమహా టీడబ్ల్యూ200 సుమారు 126 కిలోలు, అదే కంపెనీ ఎక్స్‌టీ250 సుమారు 132, హోండా సీఆర్‌ఎఫ్300ఎల్ 142 దగ్గర ఉంటాయి. సుజుకీ డీఆర్650 అయితే 166. కొత్త కవాసాకీ కేఎల్ఆర్650 రెండు వందలు దాటుతుంది. మట్టిలో మొదటి ఏడాది నడిపేవాళ్లు 145 కిలోల లోపు ఉండేలా చూసుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. యమహా 1968లో తెచ్చిన డీటీ-1 కూడా తేలికపాటి 250 సీసీ బండే. రోడ్డు మీద నడుపుకుంటూ వెళ్లి అలాగే మట్టిలోకి దిగొచ్చన్న ధైర్యాన్ని మామూలు జనానికి ఇచ్చింది అదే.

సీటు ఎత్తు టీడబ్ల్యూ200కి 790 మిల్లీమీటర్లు, సీఆర్‌ఎఫ్300ఎల్‌కి 880, సుజుకీ డీఆర్-జెడ్400ఎస్‌కి 935. ఈ అంకెలు చూసి కంగారు పడొద్దు. మెత్తటి సస్పెన్షన్ కాబట్టి మీరు కూర్చోగానే బండి కొంత దిగుతుంది, సీటూ సన్నగా ఉంటుంది. మీరు నడిపేటప్పుడు వేసుకునే బూట్లతోనే ఎక్కి చూడండి. రెండు పాదాల ముందు భాగమైనా నేలకు ఆనితే చాలు. ఎత్తు తగ్గించడానికి వెనక సస్పెన్షన్ లింక్ మార్పించేవాళ్లున్నారు. దానివల్ల గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకూ బండి అడుగుకూ మధ్య ఖాళీ) కూడా తగ్గిపోతుంది కాబట్టి అది ఆఖరి ప్రయత్నంగానే ఉంచుకోండి.

650 ఎవరికి? రోజూ హైవే మీద గంటకు 100 కిలోమీటర్ల వేగంతో చాలాసేపు వెళ్లాల్సినవాళ్లకు. ఆ వేగంలో 250 బండి వెళ్లగలదు కానీ ఇంజిన్ గట్టిగా శ్రమపడుతుంది, మీ చేతులకు తిమ్మిరి పడుతుంది. 80 లోపు తిరిగేవాళ్లకు 250 హాయిగా చాలు.

చక్రాలు ముందు 21 అంగుళాలు, వెనక 18 ఉన్నది దొరికితే వదలొద్దు. పెద్ద ముందు చక్రం రాళ్ల మీదకు తేలిగ్గా ఎక్కుతుంది, మట్టి టైర్లు కూడా ఈ సైజుల్లోనే ఎక్కువ రకాలు దొరుకుతాయి. కంపెనీ బిగించి ఇచ్చే టైర్లు చాలావరకు రోడ్డుకు మొగ్గు చూపేవే. వాటిని మారిస్తే బండి స్వభావమే మారిపోతుంది. ఇంకో చవకైన మార్పు ముందు స్ప్రాకెట్, అంటే ఇంజిన్ దగ్గర చెయిన్‌ను తిప్పే పళ్ల చక్రం. 14 పళ్లది తీసి 13 పళ్లది వేస్తే తక్కువ వేగంలో లాగుడు పెరుగుతుంది, క్లచ్‌తో కుస్తీ తగ్గుతుంది. హైవే మీద ఇంజిన్ కాస్త ఎక్కువ తిరుగుతుంది. స్పీడో సెన్సర్ గేర్‌బాక్స్ దగ్గర ఉన్న బండ్లలో మాత్రం దీనివల్ల మీటర్ తప్పు చూపిస్తుంది, గుర్తుంచుకోండి.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ కొనొచ్చా? పాత మోడల్ అయితే భయంగా ఉంది.

జవాబు: కొనొచ్చు. ఈ తరహా బండ్లు ఏళ్ల తరబడి పెద్దగా మారవు. హోండా ఎక్స్ఆర్650ఎల్ 1993 నుంచి, డీఆర్650 1996 నుంచి దాదాపు అదే రూపంలో వచ్చాయి. అందువల్ల విడిభాగాల టెన్షన్ తక్కువ, ఏది ఎక్కడ పాడవుతుందో మెకానిక్‌లకు తెలిసే ఉంటుంది.

చూడటానికి వెళ్లినప్పుడు ట్యాంకు మీది గీతలు పట్టించుకోకండి. కింద కూర్చుని ఇంజిన్ అడుగుభాగం చూడండి. చిన్న చిన్న సొట్టలు మామూలే. చమురు తడి, పగులు ఉంటే వద్దు. ఎయిర్ ఫిల్టర్ మూత తీయించి, ఫిల్టర్‌కు అవతల, ఇంజిన్ వైపు గొట్టం లోపల వేలు పెట్టి తుడవండి. వేలికి సన్నటి దుమ్ము అంటితే ఆ దుమ్ము సిలిండర్‌లోకీ వెళ్లిందన్నమాట, ధర ఎంత తగ్గించినా వదిలేయండి. ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్ నెమ్మదిగా తిప్పండి. మధ్యలో ఎక్కడో ఆగినట్టు పట్టేస్తే స్టీరింగ్ బేరింగులు పోయినట్టే, అయితే అవి మార్చుకోవచ్చు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ గొట్టాల మీద నూనె వలయం ఉంటే సీల్స్ మార్చాలి, ఆ ఖర్చు బేరంలో కలపండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించండి. మీరు వెళ్లేసరికి వేడిగా ఉంటే చల్లారేదాకా ఆగండి.

మిగిలిన డబ్బుతో హెల్మెట్, మోకాళ్ల రక్షణ, చీలమండ కప్పే బూట్లు కొనండి. ఆ తర్వాతే హ్యాండ్‌గార్డులు, ఇంజిన్ అడుగును రాళ్ల నుంచి కాపాడే స్కిడ్ ప్లేట్. మిగతా అలంకారాలకు తొందర లేదు.

ప్రశ్న: దారి చూసుకోవడానికి ఫోన్‌ను హ్యాండిల్‌కు బిగిస్తే కెమెరా పాడవుతుందంటున్నారు. నిజమేనా?

జవాబు: నిజమే. మోటర్‌సైకిల్ ఇంజిన్ వణుకు ఎక్కువసేపు తగిలితే ఐఫోన్ కెమెరా దెబ్బతినవచ్చని ఆపిల్ స్వయంగా 2021లో హెచ్చరించింది. చేతి వణుకును సరిదిద్దే ఓఐఎస్ కెమెరాల్లో లెన్స్ కదలడానికి వీలుగా అమర్చి ఉంటుంది, కాబట్టి ఇతర ఫోన్లకూ ఈ ముప్పు ఉంది. సింగిల్ సిలిండర్ బండ్లలో వణుకు మరీ ఎక్కువ. వణుకు తగ్గించే మౌంట్ కొంత మేలు. ఇంట్లో ఓఐఎస్ లేని పాత ఫోన్ ఉంటే అంతకన్నా మంచిది. దాంట్లో బయల్దేరే ముందే ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకోండి, జీపీఎస్‌కు సిగ్నల్ టవర్ అక్కర్లేదు. మీ అసలు ఫోన్ మాత్రం ఒంటి మీదే, జిప్ ఉన్న జేబులో ఉంచుకోండి. బండి ఒకచోట, మీరు ఒకచోట పడ్డప్పుడు సాయానికి పిలవాల్సింది దాంతోనే.