పొద్దున్నే నడుము పట్టేస్తోందా: లేవగానే వంగడం ఆపి చూడండి

పొద్దున్నే నడుము ఎందుకు పట్టేస్తోందని అడిగారు కదా, లేవగానే చేసే ఆ వంగడాలే కారణం అయ్యుండొచ్చు. పట్టు వదలాలని మంచం దిగగానే కాలివేళ్లు అందుకుంటున్నానని, రెండు నెలల్లో పట్టు ఇంకా పెరిగిందని రాశారు. 64 ఏళ్లని వయసును తిట్టుకోకండి, ముందు వేళ మార్చండి.

రాత్రి పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. (పొద్దున మనం కాస్త పొడుగ్గా ఉండేది అందుకే.) అప్పుడే వంగితే వాటిమీద ఒత్తిడి బాగా పెరుగుతుంది.

1. లేచాక మొదటి గంట నడుము వంచొద్దు. ఇంట్లోనే అటూ ఇటూ నడవండి.

2. చాలామంది వదిలేసేది ఇక్కడే. వ్యాయామం మానేస్తారు గానీ, పళ్లు తోముకుంటూ బేసిన్ మీదికి వంగుతూనే ఉంటారు. ఒక చెయ్యి బేసిన్ అంచుకు ఆనించి, మోకాళ్లు కొద్దిగా సడలించి, పిరుదులు వెనక్కి నెట్టండి. వంపు తుంటి దగ్గర రావాలి, నడుములో కాదు.
అర్థం కాకపోతే పొడుగాటి కర్రను వెన్ను వెంట పట్టుకుని వంగి చూడండి. తల వెనక, వీపు, పిరుదుల మధ్య మూడు చోట్లా అది తగులుతూనే ఉండాలి. ఎక్కడ వదిలినా వెన్ను గుండ్రంగా అవుతున్నట్టే.

3. గంట దాటాక, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోండి. 8 నుంచి 10 సార్లు చాలు.

ఎముకలు గుల్లబారాయని డాక్టర్ చెప్పి ఉంటే కాలివేళ్లు అందుకోవడం ఏ వేళలోనూ వద్దు.

కాలిలో బలం తగ్గినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం మీద అదుపు పోయినా ఇవన్నీ పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.